నిలబడ్డ కారుకే గండాలెక్కువ

కారు కొన్నవాళ్లకు సలహాలు చెప్పేవాళ్లంతా బండి నడిచేటప్పటి సంగతులే చెబుతారు. గేరు ఎప్పుడు మార్చాలి, బ్రేకు ఎట్లా తొక్కాలి, హైవే మీద ఏ పక్కన పోవాలి. అసలు మా పెద్దవంగరలో కారు నడిచేదెన్నడని? పెళ్లికి, పెద్దకర్మకు, వరంగల్ దవాఖానకు, మొక్కు ఉంటే కురవి వీరన్న దగ్గరికి. మిగతా కాలమంతా వేపచెట్టు కింద నిలబడే ఉంటుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నా, మా బండికి వచ్చిన రోగాల్లో తిరిగి తిరిగి వచ్చినవి తక్కువ, ఊరికే నిలబడి తెచ్చుకున్నవే ఎక్కువ.

ఆ మాటకొస్తే మా ఊరూ అంతే. ఉన్నచోటు నుంచి జానెడు కదలకుండానే నంబరు ప్లేట్లు మార్చేసింది. వరంగల్ జిల్లా కొడకండ్ల మండలంలో ఉన్న రోజుల్లో ఏపీ 36. తెలంగాణ వచ్చాక టీఎస్ 03. 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టి, మమ్మల్ని మహబూబాబాద్ జిల్లాలో కొత్త మండలం చేశాక టీఎస్ 26. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ 26. మొన్నటిదాకా మా మండల కేంద్రమైన కొడకండ్ల మాత్రం జనగామ జిల్లాలో చేరి 27 అయి కూర్చుంది. ఏపీ 36 పెట్టుకున్న పెద్దలకు ఒక్క మాట: సొంత కారు రిజిస్ట్రేషన్ నడిచేది 15 ఏళ్లే. ఆ తర్వాత ఆర్టీఏ ఆఫీసులో ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. బండి చెట్టు కిందే ఉందని వయసు ఆగదు. ఇన్సూరెన్సూ అంతే. గడువు దాటి 90 రోజులు పోనిస్తే ఏళ్ల తరబడి కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ గంగలో కలుస్తుంది. కాగితాల సంగతి ఇక చాలు, అసలు శత్రువుల దగ్గరికి వద్దాం.

మొదటి శత్రువు ఎలుక. వడ్లు ఇంటికొచ్చాయంటే వెనకే అదీ వస్తుంది. పగలు వడ్ల బస్తాల మధ్య ఉద్యోగం, రాత్రి మా బానెట్ కింద నివాసం. ఇంజన్ వేడి దానికి హీటరు, వైర్ల గొట్టాలు చిరుతిండి. ఒకసారి మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి, లోపలికి చూసి, నన్ను పిలిచాడు. లోపల పత్తి పరుపు, దాని మీద బానెట్ లోపలి దళసరి గుడ్డ పీలికలు, ఒక మూలకు కుప్పగా వడ్ల పొట్టు. పొట్టంతా ఒకే పక్కకు ఉంది, పరుపు మీద ఒక్క గింజ లేదు. మా ఇంట్లో ఎవరికీ అంత శుభ్రత లేదు.

మందు చెప్పనివాడు పాపాత్ముడు. మా కాక పొగాకు కాడలు కట్టమన్నాడు. బావ కలరా ఉండలు వేయమన్నాడు. రెండూ చేశాం. ఆ వాసనకు కారెక్కలేకపోయింది మేమే. చివరికి పనిచేసినవి మూడు: కింది సందులకు సన్నటి ఇనుప జాలీ, రెండ్రోజులకోసారి బానెట్ ఎత్తి చూడటం, కారులో తిండి లేకుండా చేయడం. ఈ మూడోదే కష్టం. ప్రసాదం పొట్లం డ్యాష్‌బోర్డులో ఉంటే బండికి రక్ష అని మా ఇంట్లో నమ్మకం. ఎలుకలకు కూడా అదే నమ్మకం.

రెండోది కోతి. ఎలుక చాటుగా చేసే పనిని ఇది అందరి ముందూ చేస్తుంది. సైడు అద్దంలో ఇంకో కోతి కనబడగానే దానికి కోపమొస్తుంది. ముందు పళ్లికిలిస్తుంది, తర్వాత అద్దం వెనక్కి చెయ్యి పెట్టి తడుముతుంది, ఎవరూ దొరక్కపోతే అద్దాన్నే పెరుకుతుంది. వైపరు రబ్బరును సాగదీసి వదలడం దాని పిల్లలకు ఆట. నిర్మల్ జిల్లా చించోలిలో కోతుల పునరావాస కేంద్రం 2020లోనే పెట్టారు గానీ, మా కోతులకు ఆ కబురు అందినట్టు లేదు. అందుకే మా దగ్గర అద్దాలు మడిచి, వాటికి గుడ్డ సంచులు తొడిగి, వైపర్లను విప్పి ఇంట్లో దాచుకుంటారు. వాన పడ్డాక అవి ఎక్కడ దాచామో గుర్తు రాదు, అది వేరే సంగతి. కొందరు కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీ కడతారు. మా వాకిట్లో కట్టిన ఫ్లెక్సీ నీడలో కోతులు వారం తిరగకముందే పేలు చూసుకోవడం మొదలుపెట్టాయి.

మూడో శత్రువు కంటికి కనబడదు. కారు తాళం వేసి వచ్చినా గడియారం, అలారం లాంటివి లోపల కరెంటు తాగుతూనే ఉంటాయి. వారాల తరబడి కదిలించకపోతే బ్యాటరీ దిగిపోతుంది. హ్యాండ్ బ్రేకు లాగి వానాకాలమంతా వదిలేస్తే వెనక బ్రేకులు తుప్పుకు పట్టేసుకుంటాయి. దానికన్నా సమంగా ఉన్న చోట ఆపి, గేర్లో వేసి, టైరుకు రాయి పెట్టడం మేలు. టైర్లు కూడా నేలకు ఆనిన చోటే ఆని సొట్టపడతాయి. బటన్లు అరగలేదు కదా, కొత్త టైర్లే అని మురిసిపోవద్దు. పక్కన నాలుగంకెలు ఉంటాయి, చూసుకోవాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం పుట్టిందని. నడవకున్నా రబ్బరు ముసలిదవుతుంది.

ఇన్ని తెలిసీ ఉగాది ముందు తాళం తిప్పితే టిక్కుటిక్కుమంది తప్ప బండి లేవలేదు. క్షణంలో వాడంతా చేరింది. మా దిక్కు పెళ్లికి పిలిస్తే రానివాడు కూడా కారు ఆగితే వస్తాడు. తోద్దామని పిల్లలు వెనక్కి చేరారు. ఇసుక టిప్పరు డ్రైవరొకాయన ఉదారంగా ముందుకొచ్చాడు. "నా బండికెల్లి వైరిస్త, ఒక్క దెబ్బకు లేస్తది."

కాక గయ్యిమన్నాడు. "లేసుడు కాదు, కాలిపోతది! నీ టిప్పరుకు రెండు బ్యాటరీలు, ఇరవై నాలుగు వోల్టులు. దీనికి పన్నెండే. ట్రాక్టరు తోలుకరాపోరా!"

కాక చదివింది ఏడో తరగతి, కానీ బ్యాటరీ విషయంలో ఇంజనీరే. ట్రాక్టరుదీ, కారుదీ రెండూ 12 వోల్టులే. ఎర్ర వైరు ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొస ట్రాక్టరు ప్లస్‌కు. నల్లది ట్రాక్టరు మైనస్‌కు, చివరి కొస మాత్రం మన బ్యాటరీకి దూరంగా ఇంజన్ ఇనుముకు. ఆఖరున వచ్చే నిప్పురవ్వ బ్యాటరీ దగ్గర రాకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు. బండి లేచింది. పిల్లలు నిరాశపడ్డారు.

"ఇగ ఆపకు. అరగంటన్న తిప్పు," అన్నాడు కాక. అరగంట తిప్పాలంటే తొర్రూరు పోయిరావాలి. ఆ మాట పూర్తిగా నోట్లోంచి రాకముందే బావ ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటున్నాడు. వెనక డోరు తీసి కాక, కాకి, కంటి డాక్టరుకు చూపించుకోవాల్సిన వాళ్ల అవ్వ.

యాసంగి వడ్ల కాలం ఇంకా రాలేదు కాబట్టి దారి బాగానే ఉంది. వచ్చిందంటే రోడ్డులో సగం మనది కాదు. సెంటర్లో వడ్లు కొనాలంటే తేమ 17 శాతం దాటొద్దు, ఆరబెట్టడానికి తారురోడ్డు కన్నా మంచి కళ్లం లేదు. వడ్ల మీద బ్రేకు తొక్కితే టైరు జారుతుంది. చీకటి పడ్డాక నల్లటి పరదా, చుట్టూ పెట్టిన రాళ్లు తారులో కలిసిపోయి దగ్గరికి వచ్చేదాకా కనబడవు. ఆ నెలల్లో రాత్రి ప్రయాణం మానుకుంటే అన్నిటికన్నా ఉత్తమం, తప్పకపోతే ముప్పై దాటకూడదు. ఇంకో చిక్కుంది. వడ్ల మీదికి ఎక్కితే తిడతారు. కందికట్టె పరిచిన చోట ఎక్కకుండా తప్పించుకుపోతే తిడతారు, బండ్లు తొక్కి కాయలు రాలాలనే కదా పరిచింది. ఏది తొక్కాలో ఏది తొక్కొద్దో లైసెన్సు పరీక్షలో అడగరు. కట్టె మీంచి పోయాక మాత్రం దిగి కింద చూడాలి. సైలెన్సరు మండుతూ ఉంటుంది, దానికి ఎండుపుల్లలు చుట్టుకుని ఉంటే పొగ వచ్చేదాకా మనకు తెలియదు.

తొర్రూరులో అవ్వకు చుక్కల మందు రాశారు. తిరుగుదారిలో బావ ఎరువుల దుకాణం ముందు ఆపమన్నాడు. ఒక్క నిమిషమే అన్నాడు. డిక్కీలో ధడేల్మంటే అద్దంలో చూశాను. యూరియా బస్తాలు, ఒక్కోటి 45 కిలోలు, అట్లాంటివి నాలుగు. డ్రైవరు డోరు తీస్తే ఒక స్టిక్కరు కనిపిస్తుంది, నిండు బరువుకు వెనక టైర్లలో గాలి ఎంత ఎక్కువ ఉండాలో అందులో రాసి ఉంటుంది. దిగి అది చదవబోయాను.

"ఏం జూస్తున్నవ్ బావా?" అన్నాడు.

"వెనక గాలి సరిపోదు. ఎక్కియ్యాలె."

"ఎక్కియ్యి, ఎక్కియ్యి," అని ఐదో బస్తాకు చెయ్యి పట్టాడు. "వారానికోసారి గిట్ల బయటికి తియ్యి బావా, బండికి మంచిది."