సైట్ నంబర్ 7

ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ని. కొన్నేళ్లు మిర్యాలగూడలో, ఆ తర్వాత రిటైరయ్యేదాకా కోదాడలో. సంభావ్యత పాఠం నేను మొదలుపెడితే పక్క సెక్షన్ పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడేవాళ్లని ఇప్పటికీ చెప్పుకుంటాను. వాళ్లు నిలబడింది వరండాలో గాలి కోసమని మా ఆవిడ అంటుంది. అంతటి లెక్కల మాస్టారు రిటైరైన తొమ్మిది నెలల్లోనే, సూర్యాపేట దగ్గర చివ్వెంల మండలంలో తాతలనాటి రెండెకరాల పది గుంటల చెలకలో పన్నెండు ఆర్వీలు ఆగడానికి చోటు తయారు చేయించాడు. ఆర్వీ అంటే లోపలే మంచం, పొయ్యి, పాయఖానా ఉండే బండి. మన దగ్గర కారవాన్ అంటారు. అందులో సినిమావాళ్లు మేకప్ వేసుకుంటారు. ఈ రెండో సంగతి మీద నేను కాస్త ఎక్కువ సేపు ఆలోచించి ఉండాల్సింది.

తప్పంతా 2024 జూన్‌ది. మావాడు డాలస్‌లో ఉంటాడు. నాన్న రిటైరయ్యాడు కదా అని మమ్మల్ని పిలిపించుకుని, డెన్వర్‌లో ఆర్వీ అద్దెకు తీసుకుని, యెల్లోస్టోన్ చూపించడానికి బయల్దేరాడు. అడవీ వేడినీటి బుగ్గలూ బాగానే ఉన్నాయి గానీ నన్ను కట్టిపడేసినవి రాత్రిళ్లు బండి ఆపే చోట్లు. ఒక్కో బండికీ ఒక్కో గడి, గడికో నంబరు. గడి పక్కన నడుమెత్తు స్తంభం, దానికి కరెంటు సాకెట్లు. పక్కనే నల్లా. నేలలోంచి పైకి పొడుచుకొచ్చిన మూతగొట్టం. మావాడు చేతులకు తొడుగులు వేసుకుని, ఏనుగు తొండమంత పైపును బండి కిందికీ ఆ గొట్టానికీ బిగించి, ముక్కు పక్కకి తిప్పుకుని ట్యాంకు వదిలాడు. ఇంట్లో ఉన్నన్నాళ్లు నీళ్ల బకెట్ ముట్టుకోనివాడు! వాడి తల్లి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు మాత్రం ఆ గొట్టం చూడగానే మా చెలక కళ్ల ముందు మెదిలింది.

బిల్లింగ్స్ అనే ఊళ్లో ఒక రాత్రి ఆగాం. అక్కడే విన్నాను నేను వినకుండా ఉండాల్సిన కథ. 1962లో సియాటెల్ పట్నంలో ప్రపంచ ప్రదర్శన పెడితే, జనం కుటుంబాలతో సహా కార్లెక్కి ఆ ఊరి మీదుగా పోతున్నారట. డేవ్ డ్రమ్ అనే ఆయనకు యెల్లోస్టోన్ నది ఒడ్డున స్థలం ఉంది. రాత్రికి 1.75 డాలర్లు తీసుకుని దిగనిచ్చాడు. వేణ్ణీళ్ల స్నానానికి ఏర్పాటు చేశాడు, చిన్న దుకాణం పెట్టాడు. అదే తర్వాత కేవోయే అనే పేరుతో అమెరికా అంతా పాకిపోయిన క్యాంపుల గొలుసు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. ఆయనకు సియాటెల్ దారి, నాకు విజయవాడ దారి. ఆయనకు ప్రదర్శన, నాకు సంక్రాంతి. ఆయనకు నది, నాకు సాగర్ ఎడమ కాలువ. సరూప త్రిభుజాలు అనుకున్నాను.

బిల్లింగ్స్ నుంచి సియాటెల్ 1,300 కిలోమీటర్లు. దారిలో రాత్రి పడుకోక తప్పదు. హైదరాబాద్ నుంచి విజయవాడ 270. సూర్యాపేట కాస్త అటూ ఇటూగా సగం దారి. సగం దారిలో మనిషి టీ తాగుతాడు, ఒంటేలుకు పోతాడు, మళ్లీ బండెక్కుతాడు. పండక్కి పోయేవాడికి అవతల తల్లి అరిసెలు వండి కూర్చుని ఉంటుంది, వాడు మా చెలకలో ఎందుకు పడుకుంటాడు? ఇది ఐదో తరగతి లెక్క. నేను చెయ్యలేదు.

చేసిన లెక్కలు వేరే ఉన్నాయి. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దాటిన బండ్లెన్నో పేపర్లో వేస్తారు కదా, అవి కత్తిరించి ఫైల్లో పెట్టాను. అందులో నూటికి ఒక్కటి, పోనీ వెయ్యికి ఒక్కటి మన దగ్గర ఆగినా అంటూ వేలితో గాలిలో రాసేవాణ్ని. ఆ వెయ్యికి ఒకటి ఎక్కణ్నుంచి వచ్చిందని క్లాసులో పిల్లవాడు అడిగితే మెచ్చుకునేవాణ్ని. ఇంట్లో మా ఆవిడ అడిగితే కోప్పడ్డాను. కేరళలో 2022లో వాగమన్ దగ్గర కారవాన్ పార్కు పెట్టారన్న వార్త కూడా ఆ ఫైల్లో చేరింది. వాగమన్‌లో కొండలు, టీ తోటలు, మంచు ఉంటాయి. మా చెలకలో రెండు తుమ్మలు, ఒక వేప.

అన్నకు చెప్పాలి. భాగాలు పంచుకున్నా బోరు ఇద్దరిదీ. ఆయన నోరు మూయించడానికి నా దగ్గర బ్రహ్మాస్త్రం ఉందనుకున్నాను. 1982లో ఎన్టీ రామారావు చైతన్యరథమెక్కి ఊరూరా తిరిగిన రోజులు మా ఇద్దరికీ గుర్తే. పాత షెవర్లే వ్యాన్‌ను బాగు చేయించి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే, అందులోనే నిద్ర, రోడ్డు పక్కనే స్నానం, అక్కడే తిండి. "అది ఆర్వీ కాక ఏమిటన్నా? మన జనానికి ఇదేం కొత్త కాదు" అన్నాను.

అన్న బీడీ ఆర్పి, "ఆయన ఓట్ల కోసం పండిండు. నీ చెలకల పండెటోనికి ఏం కావాల్నో ముందుగాల అడిగి రాపో" అన్నాడు.

అడగలేదు. మేం అమెరికా నుంచి తిరిగొచ్చింది ఆగస్టు చివర. సెప్టెంబరు 1న కురిసిన వానకు కోదాడ మునిగింది, నడిగూడెం మండలంలో ఎడమ కాలువకు గండి పడింది. మా చెలక దిగువ మూల నీళ్లు మూడు రోజులు నిలిచాయి. వేరే మనిషైతే ఇక్కడ ఒర్రె ఉందని అర్థం చేసుకుంటాడు. నేను గ్రాఫ్ పేపరు మీద ఆ మూలకు "లేక్ వ్యూ, 9 నుంచి 12 సైట్లు" అని రాసుకున్నాను. ఆ కాగితం ఇంకా ఉంది. మా ఆవిడ ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

ఇక కాగితాల పని. సాగు భూమిలో వ్యాపారం చెయ్యకూడదు కాబట్టి నాలా కింద, అంటే సాగేతర భూమిగా, మార్పించాలి. ధరణి పోర్టల్‌లో డబ్బు కట్టి, స్లాట్ బుక్ చేసి, తహసీల్దారు ఆఫీసుకు పోయి మార్పించుకొచ్చాను. ఇంత సులువా అని పొంగిపోయాను. సులువే, లోపలికి పోవడం. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలై ఏడాదికి ఎకరానికి 12,000 అన్నప్పుడు, మా అన్న ఫోనుకు మెసేజ్ వస్తుందని చూస్తుంటే నేను నా ఫోను జేబులో పెట్టుకుని లేచిపోయాను. సాగు కాని భూమికి ఎవరిస్తారు? బోరు మోటారుకు కరెంటు ఉచితం, పంటకు పారితేనే. క్యాంపు నల్లాలకు పారితే కమర్షియల్ మీటరు కావాలి. ఒక్క బండీ రాకముందే నెలనెలా బిల్లు వచ్చింది. అదొక్కటే క్రమం తప్పకుండా నా పార్కుకు వచ్చిన అతిథి.

ఇనుప స్తంభాలు చేయించడానికి నవంబరులో మిర్యాలగూడ పోయాను. అక్కడ వెల్డింగ్ షాపు పెట్టుకున్న పాత శిష్యుడున్నాడు. పట్నం చేరకముందే రైస్ మిల్లుల రోడ్డు మీద ధాన్యం ట్రాక్టర్లు బారుగా ఆగి ఉన్నాయి. వడ్ల మీద పట్టా పరుచుకుని ఒకడు నిద్రపోతున్నాడు. ట్రాలీ కింద నీడలో ఇద్దరు అన్నం తింటున్నారు. ఇంకొకతను ఇంజను మీది వేడికి తడి తువ్వాలు ఆరేసుకుంటున్నాడు. ఎన్ని రాత్రుళ్లయిందో. వాళ్లకు నల్లా లేదు, పాయఖానా లేదు, సాకెట్టు లేదు. నేను ఏం చేశాననుకున్నారు? దారివ్వలేదని హారన్ కొట్టాను.

శిష్యుడు పన్నెండు స్తంభాలు చేసిచ్చాడు. వాటికి బిగించడానికి ఫ్యాక్టరీల్లో వాడే నీలిరంగు 32 ఆంపుల సాకెట్లు నేనే వెతికి కొన్నాను. "సార్, ఇవి దేనికి?" అన్నాడు. చెప్పాను. కాసేపు నా వంక చూసి, "మీరు చెబితే అంతే సార్" అన్నాడు. ముప్పై ఏళ్ల కింద త్రికోణమితి అర్థం కాకపోతే కూడా వాడు ఇలాగే అనేవాడు.

మొరం తోలించాను. నూట నలభై ట్రిప్పులు. రోలర్ పెట్టి తొక్కించాను. పన్నెండు మురుగు గొట్టాలు, నాలుగించుల పీవీసీ, నేలకు అడుగెత్తున మూతలు పెట్టించాను. గేటు దగ్గర బోర్డు: రాత్రికి రూ.1,500. బిల్లు పుస్తకం అచ్చేయించాను. మొత్తం పదకొండు లక్షల పైమాట, గ్రాట్యుటీలోంచి.

ప్రారంభానికి నేనే ముహూర్తం పెట్టాను: 2025 ఫిబ్రవరి 16, ఆదివారం, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర మొదలయ్యే రోజు. రెండేళ్లకోసారి మాఘంలో లింగమంతుల స్వామికి జరిగే ఆ జాతరకు లక్షల మంది వస్తారు, తెలంగాణలో మేడారం తర్వాత పెద్దది ఇదేనని చెప్పుకుంటారు. గుట్ట మా చెలకకు కనుచూపు మేరలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో మా మేనల్లుడి స్నేహితుడు టెంపో ట్రావెలర్‌ను కారవాన్‌గా మార్చుకున్నాడు. తెచ్చి మొదటి అతిథిగా దిగుతానన్నాడు. ఫొటోలు తీయించి నలుగురికీ చూపిద్దామనుకున్నాను.

పెద్దగట్టు జాతరంటే హైవే మూస్తారని పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తెలుసు. ఈసారీ పేపర్లో దారి మళ్లింపు మ్యాపు వేశారు. చదివాను కూడా. మా బండి వేరు అనుకున్నానో ఏమో.

పొద్దున తొమ్మిదింటికి ఫోను. "అంకుల్, నార్కట్‌పల్లిలో పోలీసులు నల్గొండ వైపు తిప్పేశారు." పదకొండున్నరకు: "అంకుల్, మిర్యాలగూడలో ఉన్నాం. ఇక్కడ బిర్యానీ బాగుంటుందా?" రెండింటికి కోదాడ నుంచి. వెనక్కి మళ్లి సూర్యాపేట వైపు రమ్మన్నాను. కోదాడలోనూ మళ్లిస్తున్నారట, మళ్లీ హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకే. నేను జీవితమంతా ఉద్యోగం చేసిన దారి చుట్టూ ఆ బండి గానుగెద్దులా తిరగాలన్నమాట. వాళ్లకు నాకంటే బుద్ధుంది. విజయవాడ పోయి దుర్గమ్మను చూసుకుంటామని చెప్పి పెట్టేశారు.

అప్పటికే గేటు ముందు ఒక ట్రాక్టరు ఆగి ఉంది. ట్రాలీ నిండా ఆడవాళ్లు, పిల్లలు, గంపలు, మేకలు. లోపలి రోడ్లు పట్టుకుని వచ్చారు. ఒక ముసలమ్మ దిగి, "అయ్యా, ఈడ దిగొచ్చునా? నేల మంచిగ సాపు చేయించిండ్రు" అంది. డ్రైవరు వెనక్కి నడిపి సైట్ నంబర్ 7లో గీత తప్పకుండా పెట్టాడు. అమెరికాలో మావాడికి అదే పనికి పావుగంట పట్టింది.

ఆ తర్వాత నా ప్రమేయం లేదు. చీకటి పడేసరికి పన్నెండు సైట్లలో పందొమ్మిది ట్రాక్టర్లు. మొరం మీద మూడేసి రాళ్ల పొయ్యిలు. నల్లా దగ్గర బిందెల వరస. నీలి సాకెట్టుకు తగిన ప్లగ్గు వాళ్ల దగ్గర లేదు. ఒక కుర్రాడు రెండు తీగల కొసలు పళ్లతో ఒలిచి, సాకెట్టు రంధ్రాల్లో దూర్చి, అగ్గిపుల్లలు గుచ్చి బిగిస్తుంటే నేను లుంగీ ఎగ్గట్టుకుని మెయిన్ ఆపడానికి పరిగెత్తాను. పోయినసారి జాతర నుంచి వాడుతున్న డీజే బాక్సట, ఏం కాదట. మురుగు గొట్టాలకు మేకల్ని కట్టేశారు. ఒక్కో గొట్టానికి మూడు, నాలుగు. సరిగ్గా మేక మెడకు అందే ఎత్తు. రాత్రి భేరీలు మోగుతుంటే, గజ్జెల లాగులు కట్టుకున్నవాళ్లు "ఓ లింగా" అంటూ గుట్ట వైపు నడుస్తుంటే, నా పార్కు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బోర్డు కింద నిలబడి ఒకాయన మనవణ్ని అడిగాడు, "ఎంతని రాసిండ్రురా?" వాడు చదివాడు. "పదిహేను రూపాలా?" అన్నాడాయన. నేను సరిదిద్దలేదు.

మంగళవారం ముసలమ్మ వాళ్లు ట్రాలీ ఎక్కుతూ, మోదుగాకులో చుట్టిన మాంసం పోగు, ఒక యాభై నోటు నా చేతిలో పెట్టారు. "ఇంతేనా అనుకోకు బిడ్డా" అంది. బిల్లు పుస్తకం తీసి రాశాను. నంబరు 001. సైట్ 7. బండి: ట్రాక్టరు. మనుషులు: 23. మేకలు: 4. ఆమెకు చదువు రాదు, అయినా ఆ కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

మార్చిలో పాలమూరు నుంచి గొర్ల మందలు వచ్చాయి. ఏటా యాసంగి కోతల వేళకు ఈ వైపు వస్తాయి. మా చెలకలో పది రాత్రుళ్లు మంద పెట్టించుకుని ఎరువుకు బదులు వడ్లు కొలిచేవాడు మా నాయన. ఈసారి పెద్దకాపరి గట్టు మీద నిలబడి మొరం చూసి, కర్రతో రెండుసార్లు పొడిచి, "దీని మీద గొర్రె పండదు సారూ" అని అన్న చెలకలోకి తోలుకుపోయాడు. మనుషులు పండరని అన్న చెప్పాడు, గొర్రెలు కూడా పండవని ఆయన చెప్పాడు.

మొన్న జేసీబీ అతన్ని పిలిచి గొట్టాలు పీకించేద్దామని బేరమాడుతుంటే అన్న వచ్చాడు. బీడీ ముట్టించుకుని పన్నెండు గొట్టాలనూ లెక్కపెట్టాడు.

"ఉండనీరా. రెండేండ్లకు మల్ల జాతరొస్తది. మేకలకు ఇంక నాలుగు తక్కువనే పడ్డయి."