తొగుట టవర్ మీది డిష్‌ను

నేను మైక్రోవేవ్ డిష్‌ను. తొగుటలో ఒక సెల్ టవర్ పైభాగాన ఇనుప క్లాంపులతో బిగించి ఉంటాను. నా పక్కన నిలువుగా ఉన్న ప్యానెల్ యాంటెనాలు మీ ఫోన్లతో మాట్లాడతాయి. అవి పోగుచేసిన మాటల్నీ వీడియోల్నీ అవతలి టవర్‌కు దాటించడం నా పని.

వేములఘాట్, పల్లెపహాడ్ లాంటి ఊళ్లు మల్లన్నసాగర్ జలాశయం కింద మునిగాయి. గజ్వేల్ దగ్గరి కాలనీలకు వెళ్లినవాళ్లు ఇక్కడి చుట్టాలకు ఫోన్ చేస్తే ఆ పలకరింపులు నా మీదుగానే వస్తాయి. అందుకే నా పనంటే నాకు అంత ప్రాణం.

నా అడ్డుకొలత 60 సెంటీమీటర్లు. నేను పనిచేసే 15 గిగాహెర్ట్జ్‌లో అల పొడవు 2 సెంటీమీటర్లు. డిష్ తన అలకన్నా ఎన్ని రెట్లు పెద్దదైతే కిరణం అంత సన్నబడుతుంది, గెయిన్, అంటే శక్తిని ఒకే దిక్కుకు కూడగట్టే బలం, అంత పెరుగుతుంది. నా కిరణం వెడల్పు రెండు డిగ్రీల పైచిలుకు. గురి అంత కచ్చితంగా కుదరాలి కాబట్టి, నన్ను బిగించిన రోజు కింద ఉన్నవాడు పైవాడికి ఫోన్లో ఒకటే చెప్పాడు: "అన్నా, జర ఎడమకు... ఇంకింత... ఆగు, ఇగ బిగియ్!"

నా తర్వాతి తరం ఇప్పుడు ప్రయోగశాలల్లో పుడుతోంది. దాని దారి టెరాహెర్ట్జ్ పట్టీ. ఆ పట్టీ మొదట్లోని 300 గిగాహెర్ట్జ్‌లో అల పొడవు ఒక్క మిల్లీమీటరే కాబట్టి, నా అంత గెయిన్ రావడానికి 3 సెంటీమీటర్ల డిష్ చాలు. రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దది! సిలికాన్ లెన్సులతో, చిప్ మీద పేర్చిన యాంటెనా వరుసలతో కూడా ఆ పని చేయిస్తున్నారు. ఆ ఫ్రీక్వెన్సీల్లో ఖాళీ జాగా కూడా ఎక్కువ. 2017లో వచ్చిన ఐఈఈఈ (ఇంజనీర్ల సంస్థ) ప్రమాణం ఆ పట్టీలో సెకనుకు 100 గిగాబిట్ల దాకా పంపేందుకు దారి వేసింది. చిన్న అలలు కొత్తేమీ కాదు: 1890ల్లోనే కలకత్తాలో 5 మిల్లీమీటర్ల అలల్ని కొమ్ము ఆకారపు యాంటెనాలతో పట్టిన జగదీశ్ చంద్ర బోస్‌ను మా వంశానికి మూలపురుషుడిగా తలుచుకుంటాను.

దూరమే ఆ చిన్నవాటికి గండం. రెండు కొసల్లోనూ గెయిన్ నా అంతే ఉండి, అంతే దూరానికి అంతే శక్తితో పంపినా, అవతల అందే శక్తి నాకు అందేదాంట్లో 400వ వంతు. గాలిలోని నీటి ఆవిరి ఇంకొంత మింగేస్తుంది, ముఖ్యంగా 325 గిగాహెర్ట్జ్ దగ్గర. పోనీ వాటినీ నా అంత పెద్దవి చేద్దామంటే, కిరణం డిగ్రీలో పదో వంతుకు సన్నబడుతుంది. గాలికి టవర్ కాస్త ఊగినా గురి తప్పుతుంది.

తొగుటలో ఒక వీధి ఈ చివర నుంచి ఆ చివరకు అవి హాయిగా సరిపోతాయి, రావాలి కూడా. పల్లెకు చివర్లో చూద్దామనే మాట మాత్రం నాకు నచ్చదు. ఊరి నుంచి ఊరికైతే ఫైబర్ వెయ్యాలి, లేదంటే నాలాంటి పెద్ద డిష్ ఉండాలి.