దున్నని మొక్కజొన్నకు ఎరువు: వినకూడని సలహాలు

గుంటూరు, కృష్ణా మాగాణుల్లో వరి కోత కాగానే, దుక్కి లేకుండా, నేలలో పదును ఉండగానే మొక్కజొన్న గింజ పెట్టడం ఇప్పుడు మామూలు సాగు. ఒకప్పుడు ఆ చేలు మినుమువి. పల్లాకు తెగులు, బంగారు తీగ మినుమును నిలవనీయకపోవడంతో చాలామంది మొక్కజొన్నకు మళ్లారు. దుక్కి ఖర్చు తగ్గింది, రోజులు కలిసొచ్చాయి. ఎరువు వేసే పద్ధతి మాత్రం పాతదే. దున్నిన చేనుకు చెప్పే మాటలే దున్నని చేనుకూ చెబుతున్నారు. కొట్టు దగ్గర, గట్టు మీద, ఫోన్ వీడియోల్లో వినిపించే అలాంటి సలహాలను ఒక్కొక్కటిగా పట్టుకుని చూడాలి. వాటిని నమ్మి నష్టపోయేది ఎక్కువగా కౌలు రైతు. ఎరువు అప్పు తీరక ముందే కౌలు కట్టాల్సిన మనిషికి ఒక్క బస్తా వృథా అయినా బరువే.

అన్నిటికంటే ఎక్కువగా వినపడేది ఇది: “పొద్దున్నే మంచు మీద యూరియా చల్లెయ్ బాబాయ్, అదే కరిగి దిగిపోద్ది.”

కరుగుతుంది, నిజమే. దిగదు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో వరి మోళ్ల మధ్య పరుచుకున్న గడ్డి మీద పడిన యూరియా గింజను వంగి దగ్గరగా చూడండి. మంచు తడికి అంచులు కరిగి, గడ్డి పోచకు జిగటగా అంటుకుని ఉంటుంది. ఆ పోచ మీదా, దాని కింది పైమట్టిలోనూ యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. తడి తగలగానే అది యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. మట్టి లోపల అయితే ఆ అమ్మోనియాను బంకమట్టి పట్టి ఉంచుతుంది. గడ్డి మీద పట్టి ఉంచేదేమీ లేదు. ఎండెక్కి మంచు ఆరేకొద్దీ అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది. పరిస్థితి అనుకూలించకపోతే పైన చల్లిన యూరియా నత్రజనిలో పావు వంతుకు పైగా ఇలా పోతుంది. పైగా సుడిలో పడిన గింజలు లేత ఆకును మాడుస్తాయి.

“వేపపూత యూరియా కదా, ఆవిరి కాదులే” అని దీనికో తోక. దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపపూత తప్పనిసరి అయింది 2015లో. ఆ పూత చేసే పని వేరు. అమ్మోనియం రూపంలోని నత్రజని నైట్రేటుగా మారడాన్ని అది నెమ్మది చేస్తుంది, నీటితో కిందికి కొట్టుకుపోయే నష్టం తగ్గుతుంది. గడ్డి మీది నుంచి గాలిలోకి పోయేదాన్ని అది అంతగా ఆపలేదు.

చేయాల్సిందల్లా యూరియాను మట్టిలోకి చేర్చడం. మొక్కకు నాలుగైదు అంగుళాల ఎడంగా, రెండు మూడు అంగుళాల లోతున కర్రతో గుంట పొడిచి, ఎరువు పోసి, కాలితో మట్టి కప్పాలి. కూలి ఎక్కువవుతుందన్న మాట కాదనను. కూలీలు దొరక్కపోతే చల్లిన రోజే, కుదరకపోతే మర్నాడైనా తేలిక తడి ఇవ్వాలి. అప్పుడు యూరియా నీటితో మట్టిలోకి దిగుతుంది. నీళ్ల వంతు ఎప్పుడో తెలియకుండా ముందే చల్లి కూర్చోవద్దు. అలాగని చేను మునిగేట్టు పెట్టినా నష్టమే. నిలవ నీటిలో నత్రజని మరో దారిన గాలిలోకి పోతుంది, మొక్కజొన్న వేరుకు ఊపిరాడదు. నల్లరేగడి నెర్రెలు విచ్చే దాకా ఆగి నీరు పెడితే నీటితో పాటు ఎరువూ నెర్రెల్లో పడి వేరుకు అందకుండా పోతుంది. రేగడికి పదును పోకముందే తడి కావాలి.

రెండో సలహా: “గడ్డి కాల్చెయ్, బూడిదంతా ఎరువే.” కోత మిషను వదిలిన గడ్డి వరుసలకు అగ్గిపుల్ల గీస్తే పని తేలికే. కానీ కాలిన గడ్డిలోని నత్రజని దాదాపు అంతా పోతుంది, గంధకంలోనూ కొంత పోతుంది. బూడిదలో మిగిలే పొటాషియం చేనంతా సమంగా ఉండదు, వరుసలున్న చోటే కుప్పపడుతుంది. టన్ను వరి గడ్డిలో సుమారు 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటుంది. గేదెలకు మోపులు కట్టి పంపినా అంత పొటాషియం చేను దాటినట్టే. పాడి ఉన్నవాళ్లను గడ్డి తీయొద్దని ఎవరూ అనలేరు. తీసిన చేనుకు పొటాష్ ఎగ్గొట్టొద్దనే నేను చెప్పేది. కొట్లో అప్పు పెరిగినప్పుడు రైతు మొట్టమొదట మానేసేది పొటాషే. కింది ఆకుల అంచులు మాడి, కండె చివర గింజ పట్టకపోయాక గుర్తొచ్చి లాభం లేదు.

“గడ్డి ఉంచావుగా, అదే కుళ్లి ఎరువైద్ది, యూరియా తగ్గించు” అన్నదీ తొందరపాటు మాటే. వరి గడ్డిలో నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం అరవై, ఎనభై పాళ్లు ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని మట్టిలోంచి లాక్కుంటాయి. సరిగ్గా అప్పుడే మొక్కజొన్న లేతగా ఉంటుంది. గడ్డి వల్ల మేలు కొన్నేళ్లకు వస్తుంది, ఈ పంటకు ఆశించవద్దు.

ఇక భాస్వరం. “వరికి డీఏపీ దండిగా వేశాం, అదే దీనికి సరిపోద్ది” అంటారు. నీరు నిలిచిన మాగాణిలో ఇనుము భాస్వరాన్ని వదులుతుంది, అందుకే వరికి అందుతుంది. నీరు తీసి నేల ఆరగానే అదే ఇనుము దాన్ని మళ్లీ బిగించేస్తుంది. వరికి దొరికిన భాస్వరం మొక్కజొన్నకు దొరకదు. చలికి వేరు మెల్లగా సాగడం దీనికి తోడై, మొలకల ఆకులు ఊదారంగుకు తిరుగుతాయి. అది చూసి “యూరియా చాల్లేదు” అని మరో బస్తా పోయిస్తారు. నత్రజని చాలకపోతే కింది ఆకు కొస నుంచి నడిమి ఈనె వెంట పసుపు దిగుతుంది. ఊదారంగు వేరే రోగం. డీఏపీని పైన చల్లినా ఉపయోగం తక్కువ. భాస్వరం మట్టిలో పెద్దగా కదలదు, పడ్డచోటే ఉంటుంది. గింజ వేసేటప్పుడే పక్కన వేరే గుంటలో వేయాలి. గింజ గుంటలోనే పోస్తే మొలక మాడుతుంది.

రబీ హైబ్రిడ్‌కు ఎకరాకు 80 నుంచి 96 కిలోల నత్రజని, 32 కిలోల చొప్పున భాస్వరం, పొటాష్ అన్నది సాధారణ సిఫార్సు. 96 కిలోల నత్రజని మోతాదుకు లెక్క కడితే డీఏపీ 70 కిలోలు, 45 కిలోల యూరియా బస్తాలు నాలుగు, పొటాష్ బస్తా పైచిలుకు. యూరియా అంతా ఒకేసారి పోసేయకుండా మొదట కొంత, మోకాలెత్తు దశలో కొంత, జల్లు పూతకు ముందు కొంత ఇవ్వాలి. జింక్ సల్ఫేటును డీఏపీలో కలపమనేవారి మాట వినవద్దు. రెండూ బిగుసుకుని ఏదీ సరిగా అందదు. లేత ఆకుల్లో ఈనెకు అటూ ఇటూ తెల్లచార వస్తే లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేటు పిచికారీ చేయించండి.

చదువుకున్నవారు ఇచ్చే సలహా ఇంకొకటి: దున్నని నేలలో పోషకాలు పైపొరలోనే పేరుకుంటాయి, కొన్నేళ్లకోసారి లోతు దుక్కి చేయాలని. అమెరికాలో ఏళ్ల తరబడి నాగలి పెట్టని పొలాల విషయంలో ఆ భయానికి కారణం ఉంది. మన మాగాణిని ఏటా సార్వాకు దమ్ము చేస్తాం, పైమట్టి అంతా కలిసిపోతుంది. ఇక్కడి ఇబ్బంది దమ్ము కింద ఏర్పడిన గట్టి పొర. వేరు దాన్ని దాటలేక పైనే పాకుతుంది, కనుక ఎరువు ఆ వేరుకు అందేంత దగ్గరలో పడాలి. మట్టి నమూనా కూడా వరి కోశాక, ఎరువు వేయకముందే, 15 సెంటీమీటర్ల లోతు దాకా చేలో పది పన్నెండు చోట్ల తీయండి. గట్టు పక్కన, గడ్డి కాల్చిన చోట, పెంట పోగు వేసిన చోట తీయొద్దు.