మా రాజు కాడనుకున్నాను

మాది గద్వాల. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నడిగడ్డ. నేను చదివిన డిగ్రీ కాలేజీ కోటలోపలే ఉంది. చెన్నకేశవస్వామి గుడి పక్కన తిరుగుతూ పెరిగినవాణ్ణి, మా రాజు సోమనాద్రి పేరు వింటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మా సంస్థానాన్ని విద్వద్గద్వాల అనేవారని, తిరుమల బ్రహ్మోత్సవాలకు జోడు పంచెలు మా మగ్గాల మీదనే నేస్తారని ఎక్కడికి పోయినా చెప్పేవాణ్ణి. ఆ గర్వాన్ని ఇప్పుడూ తప్పనుకోను. కానీ మావాళ్లు కాని రాజులను కన్నెత్తి చూడనక్కర్లేదని దాన్నుంచే నేర్చుకున్నాను.

ఒకసారి గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ గోరీలకు మా అక్క కొడుకును తీసుకుపోయాను. చిన్నపిల్లవాడు, ప్రతి గుమ్మటం దగ్గరా ఆగేవాడు.

“ఇదెవరిది మామా?”

“ఎవరో నవాబుదిలే, నడువు.”

వాళ్లు నవాబులు కారు, సుల్తానులు. ఆ మాత్రం కూడా తెలియదు నాకు. అన్నిటికన్నా పెద్ద గుమ్మటాన్ని చూపించి, రామదాసును చెరలో పెట్టిన తానీషాది అని చెప్పాను. ఆ వంశంలో నాకు తెలిసిన పేరు అదొక్కటే. నిజానికి అది 1591లో హైదరాబాదుకు పునాది వేసిన మహమ్మద్ కులీది. తానీషాకు ఆ తోటలో చోటు దక్కలేదు. 1687లో గోల్కొండ పడిపోయాక ఔరంగజేబు ఆయన్ను దౌలతాబాదు కోటలో బంధించాడు. అక్కడే పోయాడు, ఖుల్దాబాదులో పూడ్చారు.

ఇంతకన్నా నన్ను బాధించేది ఇబ్రహీం సంగతి. ఆయన గోరీ గోడ మీద రంగు పెంకులు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. మేనల్లుడు వాటికేసి చూస్తుంటే రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. అన్న జంషీద్‌కు భయపడి ఏడేళ్లు విజయనగరంలో రామరాయల అండన బతికి, 1550లో గోల్కొండ గద్దెనెక్కినవాడు ఇబ్రహీం. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన అచ్చతెలుగులో రాసిన యయాతి చరిత్ర అందుకున్న అమీన్‌ఖాన్ కూడా ఆయన కొలువులోనివాడే. తెలుగువాళ్లు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. కవులను ఆదరించిన సంస్థానం మాదని ఊరంతా చాటినవాణ్ణి, తెలుగు కవిని ఆదరించిన రాజు ముందు నిలబడి ఎవరో నవాబన్నాను.

మా ప్రాంతానికి పరాయివాడా అంటే, అదీ కాదు. వనపర్తి పక్కన పానగల్లు కోట ఎన్నిసార్లు ఎక్కానో! ఆ కోటనూ ఘనపురాన్నీ ఇబ్రహీం ఒకప్పుడు రామరాయలకు వదులుకోవలసి వచ్చింది. ఆశ్రయమిచ్చిన ఆ రామరాయల మీదికే 1565లో మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి పోయాడు. ఏడేళ్లు తిండిపెట్టిన ఇంటిమీద కత్తి ఎత్తడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా ఆ మనిషిని తెలుసుకోవాలనిపిస్తుంది, ఆ పెంకుల గోడ ముందు కాసేపు నిలబడాలనిపిస్తుంది.

ఇవన్నీ పుస్తకాల్లో చదివేసరికి ఆలస్యమైంది. మేనల్లుడు ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతున్నాడు. ఫోన్ చేసి, ఆ రోజు చెప్పినవన్నీ తప్పులేరా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పోయినేడు పిల్లల్ని అక్కడికి తీసుకుపోయిన మామా. పెద్ద గుమ్మటం తానీషాదనే చెప్పిన” అన్నాడు.