మొరాయింపు శాస్త్రం

ఎక్కడో చల్లని గదిలో ఉండి వందలాది ఊళ్ల నుంచి వచ్చే అభ్యర్థనలకు బదులిచ్చే కంప్యూటరును సర్వర్ అంటారు. అది బదులివ్వడం మానిన వెంటనే బాధ్యుడైన ఇంజినీరు ఫోను మోగేలా ముందే చేసుకునే ఏర్పాటును అలర్ట్ అంటారు. ఈ పనికి లోకమంతా 1999లో నెట్‌సెయింట్‌గా పుట్టి ఆ తర్వాత నాగియోస్‌గా పేరు మార్చుకున్న సాఫ్ట్‌వేర్‌ను, దాని తర్వాతి తరాలను వాడుతుండగా, గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి మైదానాల్లో మాత్రం అంతకన్నా చవకైన, కరెంటు కూడా అక్కర్లేని పరికరం ఒకటి చాలాకాలంగా సేవలందిస్తోంది. దాని పేరు రైతు.

1998లో కార్డ్ పథకంతో రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటరీకరించిన నాటి నుంచి దస్తావేజు, రేషను, ఈ-పంట నమోదు, 2016లో వచ్చిన ఈ-నామ్ మార్కెట్ లావాదేవీలు ఒకటొకటిగా సర్వర్ గడప తొక్కడంతో ఈ పరికరానికి తీరిక లేకుండా పోయింది. వేలిముద్ర యంత్రంపై బొటనవేలు పెట్టి, తీసి, చొక్కా అంచుకు తుడిచి మళ్లీ పెట్టిన రైతుకు, తప్పు కళ్లాల్లో అరిగిన తన వేలిదో దూరాన ఉన్న యంత్రానిదో తేలేలోపే, ఆపరేటరు తల ఎత్తకుండా గోడకున్న కాగితం వైపు వేలు చూపిస్తాడు. సర్వర్ పనిచేయడం లేదని తెలిపే ఆ కాగితానికి తేదీ ఉండదు, లామినేషన్ మాత్రం ఉంటుంది. ప్రభుత్వ యంత్రాంగంలో దూరదృష్టి లేదనే విమర్శకులు ఈ ఒక్క ప్లాస్టిక్ పొరనైనా గమనించాలి.

ఇంజినీర్ల పద్ధతి వేరు. నిమిషానికోసారి సర్వర్‌ను పలకరించి, ఒకసారి పలకకపోతే ఓపిక పట్టి, వరుసగా మూడుసార్లు పలకకపోతే విధుల్లో ఉన్నవాడికి కబురు పంపి, అతడు పది నిమిషాల్లో స్పందించకపోతే పై అధికారిని నిద్రలేపేలా వారు నియమాలు రాసుకుంటారు. మైదానాల్లోనూ కబురు ఇంత క్రమంగానే నడుస్తుంది, కాకపోతే కిందికి నడుస్తుంది: ఆపరేటరు నుంచి వరుసలో మొదటివాడికి, అతడి నుంచి చివరివాడికి, అక్కడి నుంచి ఇంటికి. పైవాడి నిద్రకు భంగం కలగదు. పైగా సర్వర్ బతికి ఉందా అని మాత్రమే అడిగే పరీక్షకు ఉందనే జవాబే వస్తుంది. ఓటీపీ వచ్చిందా, రసీదు ముద్రితమైందా అని రైతు చేసే పనినే చేసి చూసే పరీక్ష పెడితే తప్ప అసలు జబ్బు బయటపడదు.

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ వారి ఎస్3 నిల్వ సేవ ఒక తప్పుడు ఆదేశం వల్ల కుప్పకూలినప్పుడు, సేవల ఆరోగ్యాన్ని చూపించాల్సిన పేజీ నిర్వహణ కూడా అదే ఎస్3పై ఆధారపడి ఉండటంతో, దాదాపు రెండు గంటలపాటు ఆ పేజీలో ఒక్కో సేవ స్థితిని సరిచేసే వీలు లేక సంస్థ ట్విట్టర్‌ను ఆశ్రయించింది. కాపలాదారు తాను కాచే వ్యవస్థకు బయట నిలబడాలన్న సూత్రాన్ని ఆ మహాసంస్థ అంత ఖర్చు పెట్టి తెలుసుకోవలసి వచ్చింది. ఈ పత్తి, మిర్చి మైదానాల్లో అది ఎప్పటి నుంచో అక్షరాలా అమలవుతోంది: కాపలాదారు బయటే, ఎండలోనే నిలబడి ఉంటాడు. అయితే అతడి గోలను వ్యవస్థ అలర్ట్‌గా కాక గోలగానే నమోదు చేసుకుంటుంది.

2025 సీజను నుంచి భారత పత్తి సంస్థకు మద్దతు ధరపై అమ్మదలచిన రైతు కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై, స్లాట్ తీసుకున్నాకే ట్రాక్టరు కదలాలి. పొడుగు పింజకు ఆ సీజనులో క్వింటాలుకు ప్రకటించిన 8,110 రూపాయలు పూర్తిగా దక్కాలంటే తేమ 8 శాతం మించకూడదు. 12 దాకా కోతతో తీసుకుంటారు, ఆపైన తిప్పి పంపుతారు. ఏ సాయంత్రమైనా సర్వర్ మొరాయించి ట్రాలీ జిన్నింగ్ మిల్లు ముందే రాత్రంతా ఉండిపోతే, నవంబరు మంచు పత్తిపై తన పని తాను చేసుకుపోతుంది. తెల్లవారి ట్రాలీలో గుచ్చే తేమ మీటరుకు సర్వర్ అక్కర్లేదు. అది చిన్న బ్యాటరీతో, ఒక్క క్షణంలో, తడబడకుండా 13 అని చెప్పేస్తుంది.