బండి కప్పుకి ఎండ తగలదా సారూ?

మహారాజశ్రీ సోలార్ సబ్సిడీలు మంజూరు చేసే పెద్దసారు గారి దివ్య సముఖానికి,

అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరం మండలం ఏటికొప్పాక నుంచి లక్కబొమ్మల బండివాడు చేతులు జోడించి రాసుకుంటున్న మనవి. ఇక్కడ మేము క్షేమం. అక్కడ తమరు క్షేమమని తలుస్తాను. తమ ఆఫీసులో ఏసీ అయితే క్షేమంగానే ఉంది, సోమవారం కౌంటరు ముందు నిలబడినంతసేపూ చల్లగా తగిలింది.

ఆ చల్లటి కౌంటరులోనే, నా బండి కప్పుమీద సోలార్ ప్యానెల్‌కి సబ్సిడీ అడుగుతూ పెట్టిన కాగితాలు తిరగ్గొట్టారు. కారణం రెండే ముక్కలు: "ఇల్లు కాదు".

కాదు బాబూ. ఇల్లని నేనెప్పుడన్నాను? నా బండి పాత టాటా ఏస్. వెనక రేకుల పెట్టె కట్టించాను. పక్క రేకు పైకెత్తితే కొట్టు, దించేస్తే పడకగది. బొమ్మల అట్టపెట్టెలు ఓ పక్కకి జరిపి నేనూ మా ఆవిడా అందులోనే నడుం వాలుస్తాం. తీర్థాలనీ ఎగ్జిబిషన్లనీ, సంక్రాంతి వెళ్ళింది మొదలు వానలు పడేదాకా చాలా రాత్రుళ్ళు మాకు అందులోనే తెల్లారతాయి. ఊళ్ళో పెంకుటింటికి కరెంటు సర్వీసు నెంబరుంది కదా, అక్కడ పెట్టించుకోమని కౌంటరులో మీ కుర్రాడి సలహా. పెట్టించుకుంటాను. ఆ కరెంటు వైరు మా ఇంటి నుంచి జాతర మైదానం దాకా ఎవరు లాగుతారు, తమరా?

మర్యాదగానే మొదలుపెట్టాను సారూ, నిలవడం లేదు.

2024 ఫిబ్రవరిలో ఇళ్ళ కప్పులమీద సోలారుకి సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ వచ్చింది. కిలోవాటుకి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడూ ఆపైన అయితే 78 వేలు. మంచిదే, మేడలున్నవాళ్ళు బాగుపడనీండి. నేనడిగింది మాత్రం కిలోవాటులో మూడో వంతు. 330 వాట్ల ప్యానెల్ ఒక్కటంటే ఒక్కటి. మీ లెక్కనే కట్టినా పదివేలు దాటదు. దానికి "గ్రిడ్‌కి కలిపితేనే ఇస్తాం" అంటారు. గ్రిడ్ లేని చోటికి వెళ్తున్నాననే కదా నేను ప్యానెల్ అడుగుతున్నది! మరి కుసుమ్ పథకంలో పొలం మోటారుకి ఏ గ్రిడ్ ఉందని ఇస్తున్నారు? 7.5 హార్స్ పవర్ దాకా పంపుసెట్టుకి కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం. రైతుకి ఇవ్వొద్దని నేననడం లేదు, నోరు పడిపోతుంది. నా లేత్ మిషను మోటారు అర హార్స్ పవర్. అది నీళ్ళు తోడదు, కర్ర తిప్పుతుంది. తేడా అంతేనా?

బండిమీద లేత్ ఎందుకని కూడా అడిగాడు మీ కుర్రాడు. పాపం, తెలీదు. బల్లమీద పేర్చిన బొమ్మని చూసి జనం "ప్లాస్టికా?" అంటారు. అదే, అంకుడు కర్ర ముక్క గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనించి చూపించాలి. రాపిడి వేడికి లక్క కరిగి, పసుపు వేసిన లక్కయితే పసుపు, నీలిమందు కలిపిందయితే నీలం, కర్ర చుట్టూ పాకుతుంది. దానిమీద మొగలి ఆకు పెట్టి నొక్కితే నిగనిగలాడుతుంది. అది కళ్ళారా చూసిన పిల్ల బొంగరం చేతికి రాకుండా అక్కణ్ణించి కదలదు, వాళ్ళ నాన్న బేరమాడడు. నా వ్యాపారమంతా ఆ తిరగడంలోనే ఉంది. దానికి కరెంటు కావాలి. జనరేటరు పెడితే పొగ, మోత, లైటుకింత మోటారుకింత అని అద్దె. కిరసనాయిలు కంపు కొట్టే చోట చెట్ల రంగులు, పర్యావరణం అని నేను ఉపన్యాసం ఇస్తుంటే వినేవాళ్ళు ముక్కు మూసుకుంటున్నారు.

సబ్సిడీ లేకపోతే పోయింది, సొంతంగా కట్టుకుందామని కొట్టుకి వెళ్ళాను. ఆ లెక్కా వినండి. 330 వాట్ల ప్యానెల్ ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల పైచిలుకు వెడల్పు. బండి కప్పుకి కొలిచినట్టు సరిపోతుంది. కింద వేలెడు సందు వదిలి బిగించాలి, గాలి ఆడకపోతే వేడికి ప్యానెలే నీరసిస్తుంది. మా ఎండకి రోజుకి పన్నెండు వందల వాట్-అవర్లు ఎటూ పోవు. లేత్ గంటసేపు తిరిగితే ఇన్వర్టరు నష్టంతో కలిపి ఐదొందలు. రాత్రి లైట్లు, చిన్న ఫ్యాను, రెండు ఫోన్లు ఇంకో మూడొందలు. సరిపోగా మబ్బు పట్టిన రోజుకి మిగులు. కానీ ఆ ప్యానెల్ 37 వోల్టుల దగ్గర పనిచేస్తుంది, మన బ్యాటరీ 12. మధ్యలో చవకరకం చార్జ్ కంట్రోలరు, అదే పి.డబ్ల్యు.ఎం.ది, పెడితే పైన ఉన్న వోల్టులన్నీ గాలికి. తొమ్మిది ఆంపియర్లు, పదమూడు వోల్టులు, హెచ్చవేసుకోండి: నూట ఇరవై వాట్లు. డబ్బిచ్చింది 330కి! కొట్టువాడు ఈ సంగతి చెప్పడు, "అన్నిటికీ ఇదే వేస్తున్నామండీ" అంటాడు. ఆ వోల్టులు వృథా చెయ్యని రకం, ఎం.పి.పి.టి.ది, అడిగితే వేలల్లో చెప్పాడు. ఇక బ్యాటరీ ధర రాస్తే తమరికి నిద్రపట్టదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెల్ మీద జీఎస్టీ 12 నుంచి 5కి దించారు, దణ్ణం. బ్యాటరీ మీద 18. ఎండ పగలు కాస్తుంది సారూ, మాకు చీకటి రాత్రి పడుతుంది. బ్యాటరీ లేని సోలారు బండికి ఎందుకు, కప్పుమీద అద్దంలా చూసుకోడానికా?

పీఎం విశ్వకర్మలో 2023 నుంచి బొమ్మలు చేసేవాళ్ళూ ఉన్నారు, పనిముట్లకి 15 వేల వోచరుంది, అందులో సర్దండి అన్నాను. ప్యానెల్ పనిముట్టు కాదన్నారు. పైగా కప్పుకి నాలుగు బోల్టులు బిగిస్తే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద బండి మార్చినట్టవుతుందేమోనని బెదిరింపొకటి.

అసలు మా ఊరి పేరెత్తితే అందరూ చప్పట్లే. 2017లో జీఐ గుర్తింపు. 2023లో మా సి.వి.రాజు గారికి పద్మశ్రీ. 2025 జనవరి 26న కర్తవ్యపథ్‌లో రాష్ట్ర శకటమే ఏటికొప్పాక బొమ్మలు, న్యాయనిర్ణేతలు మూడో స్థానం కూడా ఇచ్చారు. ఆ శకటం నడిచింది చక్రాలమీదే కదండీ? ఆ రోజు "ఇల్లు కాదు" అని ఇండియా గేటు దగ్గర ఎవరూ ఆపలేదే!

కోపం వద్దులెండి. నాకు కావలసింది మీ ఫారంలో బండికంటూ ఒక్క గడి. నెంబరు లేనిదే కంప్యూటరు కదలదంటే బండికి ఆర్.సి. నెంబరుంది, ఛాసిస్ నెంబరుంది, ఇంజను నెంబరుంది. ఏ ఇంటికున్నాయి ఇన్ని నెంబర్లు? పదివేలు ఎక్కువనిపిస్తే ఐదు ఇప్పించండి. అదీ కుదరకపోతే బ్యాటరీ మీద పన్నయినా తగ్గించమని పైవాళ్ళకి ఓ ముక్క రాయండి. మీ కాగితానికి ఉన్న విలువ నా కాగితానికి లేదు. దయుంచండి బాబూ.

ఇట్లు,
తమ విధేయుడు,
ఏటికొప్పాక బొమ్మల బండివాడు

తా.క.: కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతర. జనరేటరువాడు ఇప్పట్నుంచే అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇచ్చెయ్యమంటారా, ఆగమంటారా?