టువాలుకు మౌసు నేర్పుదాం రండి

వేసవి సెలవులు ఇలా వచ్చాయో లేదో, మన పిల్లల్లో సేవాభావం అలా పొంగిపొర్లుతోంది. అదీ మామూలు సేవ కాదు, పాస్‌పోర్టు ఉన్న సేవ. మొన్న బాలి, నిన్న జాంజిబార్, ఆ తర్వాత ఫిజీ. అవి పాతబడిపోయాయి కాబట్టి ఇప్పుడు పసిఫిక్ నడిబొడ్డున టువాలు. పదిహేను రోజులు, లక్షల్లో ఫీజు, దీవి పిల్లలకు కంప్యూటర్ పాఠాలు. టీషర్టు, సర్టిఫికెట్, సముద్ర స్నానాలు ప్యాకేజీలోనే. అమెరికా యూనివర్సిటీకి పంపే వ్యాసంలో దీని గురించి కన్నీళ్లొచ్చేలా రాసిపెట్టే పనికి మాత్రం విడిగా రేటు మాట్లాడుకోవాలట.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ కబురు పడగానే దండాల బొమ్మలు వరస కట్టాయి. "ఈ వయసులోనే ఎంత సంస్కారమండీ!" అని ఒకావిడ మురిసిపోయారు. ఆ సంస్కారవంతుణ్ణి వాళ్ల నానమ్మ ఫోన్లో అక్షరాలు కాస్త పెద్దవి చేసిపెట్టమని సంక్రాంతి నుంచి అడుగుతోంది. "తర్వాత చూద్దాంలే నానమ్మా" అని తప్పించుకుని తిరుగుతున్నాడు. నానమ్మ దీవిలో పుట్టకపోవడం ఆవిడ దురదృష్టం.

సరే, మనవాడు మౌసు పట్టుకోవడం నేర్పబోయే దేశం సంగతి చూద్దాం. 26 చదరపు కిలోమీటర్ల నేల, 9 దీవులు, దాదాపు 11 వేల జనం. ఇంటర్నెట్‌లో దేశానికో రెండక్షరాల చిరునామా పంచిపెట్టినప్పుడు టువాలు వంతుకు 'టీవీ' వచ్చింది. దాని విలువ వాళ్లకు ఎవరో వాలంటీర్ వచ్చి చెప్పలేదు. 1990ల చివర్లోనే ఆ రెండక్షరాలు వాడుకునే హక్కును విదేశీ కంపెనీకి అద్దెకిచ్చారు. ఆ డబ్బు అండతోనే 2000లో ఐక్యరాజ్యసమితిలో 189వ సభ్యదేశంగా చేరారు. గేములాడుతూ లైవ్ పెట్టుకునే ట్విచ్ చిరునామా చివర ఉన్నవి ఆ రెండక్షరాలే. మనవాడు ఇంటర్ రెండేళ్లూ దుప్పటి ముసుగులో తెల్లవార్లూ గడిపింది టువాలు వాళ్ల వాకిట్లోనే! ఇప్పుడు ఆ వాకిట్లోకే వెళ్లి, "పిల్లలూ, దీన్ని ఇంటర్నెట్ అంటారు" అని చెప్పి వస్తాడట.

అంతటితో అయిపోలేదు. 2021లో ఆ దేశ మంత్రి సైమన్ కోఫే సూటూ టై వేసుకుని మోకాలి లోతు సముద్రంలో నిలబడి ప్రపంచ వాతావరణ సదస్సుకు ప్రసంగం పంపాడు. మరుసటి ఏడాది, నేల మునిగిపోయినా తమ దీవుల రూపం, సంస్కృతి, ప్రభుత్వం మిగిలేలా దేశాన్ని మొత్తం డిజిటల్ రూపంలోకి ఎక్కిస్తామని ప్రకటించాడు. 2023లో రాజ్యాంగాన్ని సవరించి, భూమి పోయినా రాజ్యం ఉంటుందని రాసుకున్నారు. దేశాన్నే కంప్యూటర్లోకి ఎక్కించే ఆలోచనలో ఉన్నవాళ్లకు, పవర్‌పాయింట్‌లో అక్షరాలు గిర్రున తిరుగుతూ ఎలా వస్తాయో మనం చూపించి వద్దాం.

ఇంకా ఉంది. ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా 280 మంది టువాలు పౌరులకు అక్కడ స్థిరపడే వీసా ఇస్తారు. 2025లో మొదటి లాటరీ పెట్టారు. పేరు నమోదు ఆన్‌లైన్లోనే, రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు. కుటుంబ సభ్యులతో కలిపితే దేశ జనాభాలో సగానికి పైగా పేర్లు వచ్చిపడ్డాయి. ఆ ఫారాలన్నీ ఏ వాలంటీర్ నింపాడు? మనమేమో ఒక్క వీసా ఫారం నింపాలంటే కన్సల్టెన్సీ మెట్లెక్కి, టోకెన్ తీసుకుని కూర్చుంటాం.

దూరవిద్య కూడా వాళ్లకు కొత్త కాదు. 1968లో ఫిజీ రాజధాని సువాలో మొదలైన సౌత్ పసిఫిక్ యూనివర్సిటీ చిన్నచిన్న దీవి దేశాల ఉమ్మడి ఆస్తి, అందులో టువాలుకూ వాటా ఉంది. 1970లలోనే ఆ యూనివర్సిటీ ఉపగ్రహం ద్వారా దీవులను కలిపి పాఠాలు చెప్పే ప్రయోగాలు చేసింది. మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఉపగ్రహ టీవీ ప్రయోగం 1975లో గానీ మొదలుకాలేదు.

మరి టువాలుకు కష్టాలు లేవా? బోలెడున్నాయి. నదులు లేవు, ఇంటి కప్పు మీద పడిన వాన నీళ్లే ట్యాంకుల్లో పట్టుకుని తాగాలి. 2011లో వానలు మొహం చాటేస్తే అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. ఆ నీళ్లలోంచే మన సేవకుడు రెండు పూటలా స్నానం చేస్తాడు. ఉప్పుగాలికి యంత్రాలు తుప్పు పడతాయి, విడిభాగం కావాలంటే ఓడ రావాలి. అక్కడ ఉండి రిపేరు చేసే మనిషి కావాలి, ఏడాది పొడవునా జీతం తీసుకునే టీచరు కావాలి. ఈ రెండూ కరపత్రంలో ఉండవు, ఎందుకంటే వాటి పక్కన నిలబడి ఫొటో దిగడం కుదరదు.

ఇలాంటి కార్యక్రమాలు ఎక్కడ జరిగినా వరస ఒకటే. కొత్త బ్యాచ్ దిగుతుంది, అక్కడి టీచరు తన క్లాసు అప్పగించి వెనక బెంచీకి వెళ్లి కూర్చుంటుంది, "ఇది మౌసు" దగ్గర పాఠం మొదలవుతుంది. అది అలవాటయ్యేలోపు మెడలో పూలదండ, వీడ్కోలు. మళ్లీ ఇంకో బ్యాచ్, మళ్లీ "ఇది మౌసు". ఒకే పిల్లకు మౌసును ఎన్నిసార్లు పరిచయం చేస్తారయ్యా? పెట్టెలు పంచితే చదువు వస్తుందన్న భ్రమ పెరూలోనే తీరింది. లక్షల ల్యాప్‌టాప్‌లు పంచాక 2012లో లెక్క చూస్తే, పిల్లలకు గణితంలోగానీ భాషలోగానీ ఒరిగింది కనిపించలేదు. పెట్టెతో రాని చదువు పదిహేను రోజుల మనిషితో వస్తుందా?

అమ్మానాన్నలను ఒక్కటే అడుగుతాను. మీరు ఫీజు కట్టే కార్పొరేట్ స్కూల్లో, మీ అమ్మాయి క్లాసుకు పందొమ్మిదేళ్ల కుర్రాడు టీచరుగా వచ్చి, బీఈడీ లేకుండా, మన భాషలో ఒక్క ముక్క రాకుండా, పదిహేను రోజులు పాఠం చెప్పి సెల్ఫీలు దిగి వెళ్లిపోతే ఊరుకుంటారా? ప్రిన్సిపాల్ గది ముందు బైఠాయిస్తారు. మీ పిల్లకు పనికిరాని గురువు ఆ పిల్లలకు ఎలా పనికొస్తాడు? పేదవాళ్లు గనక ఏదిచ్చినా తీసుకుంటారనే కదా మీ ధైర్యం? దీన్ని సేవ అనకండి. ఇది పొగరు.

దీవే కావాలంటే పడవ దాటి వెళ్లాల్సిన లంక గ్రామాలు గోదావరిలోనే ఉన్నాయి. అక్కడి సర్కారు బడికి ఒక విద్యా సంవత్సరమంతా, వారానికో రోజు వెళ్లి, టీచరు ఏం అడిగితే అది చేసి రండి. సర్టిఫికెట్ ఉండదు, పగడాల దిబ్బల మధ్య ఈతా ఉండదు. ఎంతమంది పేరిస్తారో చూద్దాం.

టువాలుకు వెళ్లొద్దని నేననను. నిక్షేపంగా వెళ్లండి. అక్కడి గెస్ట్‌హౌస్‌కు డబ్బు కట్టండి, అక్కడి చేపలు కొనుక్కు తినండి, వాళ్లు చెప్పేది వినండి. టూరును టూరు అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. దాన్నే సేవ అని అప్లికేషన్లో రాస్తే అది అబద్ధం. పద్దెనిమిదేళ్లు నిండగానే పిల్లలతో డబ్బు కట్టి మరీ చెప్పిస్తున్న మొదటి పెద్ద అబద్ధం.